జీడితోటకు సున్నం కొట్టినట్టున్న ఫోటోతో వెయ్యి ముక్కల పజిల్ కుదురుతుందా?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తరువాత చదివేవాళ్ళకూ సంగతి తెలుస్తుంది. ఉద్దానంలో మీ సొంతూరు. సంక్రాంతి వెళ్ళాక మీ నాన్నగారి షష్టిపూర్తి. కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును పట్టేలా మార్పించిన కెమెరాతో ఊళ్ళోనూ, ఆ వైపునా నాలుగు ఫోటోలు తీశారు. వాటిలో ఒకదాన్ని వెయ్యి ముక్కల జిగ్సా పజిల్‌గా చేయించి ఆయనకు ఇవ్వాలని మీ కోరిక. ఈలోగా మీ బావగారు అలాంటిదే ఏదో విదేశీ పల్లెటూరి దృశ్యం తెప్పించుకుని, మూడు వారాలు కుస్తీ పట్టి, సగంలో మళ్ళీ డబ్బాలో పోసేశారు. దాంతో మీకు భయం పట్టుకుంది. ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలు అసలు పజిల్‌కు పనికొస్తాయా, వస్తే ఈ నాలుగింటిలో ఏది అని అడిగారు.

పనికొస్తాయి. కానీ 'అన్నిటికంటే ఇదే బాగుంది' అని మీరు రాసిన జీడితోట ఫోటోను ముందుగా పక్కన పెట్టేయండి. గోడకు తగిలించుకునే ఫోటో వేరు, ముక్కలు చేసి మళ్ళీ పేర్చుకునే ఫోటో వేరు. ఈ సంగతి నాకు డబ్బు వదిలాక తెలిసింది.

నాది విజయనగరంలో చిన్న ఫోటో స్టూడియో, ముప్పై ఏళ్ళు దాటిన పని. పన్నెండేళ్ళ కిందట పాత కెమెరా ఒకదానికి సెన్సర్ ముందుండే అద్దం తీయించి ఇన్‌ఫ్రారెడ్‌కు మార్పించుకున్నాను. ఆ మోజులో తాటిపూడి రిజర్వాయరు గట్టు మీద నుంచి ఒక డిసెంబరు ఉదయం, మబ్బుతునక లేని ఆకాశం కింద ఒక ఫోటో తీశాను. అవతలి కొండల మీది చెట్లన్నీ తెల్లగా, నీళ్ళు నల్లగా, ఆకాశం కూడా ఇంచుమించు అంతే నల్లగా వచ్చాయి. షాపులో పెడితే దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఇంకేముంది, 500 ముక్కల పజిల్ చేయించాను. డబ్బా విప్పి బల్ల మీద పోస్తే మా ఆవిడ ఒకటే మాట అంది: "బొగ్గుల బస్తా కుమ్మరించినట్టుంది." మూడొందలకు పైగా ముక్కలు వట్టి నలుపు. కొండల పట్టీ రెండు రోజుల్లో పూర్తయింది. నలుపు నెల రోజులు బల్ల మీదే ఉంది. చివరకు చుట్టాలు వచ్చి భోజనాలకు బల్ల కావలసి వస్తే తీసేశాం. మళ్ళీ విప్పలేదు.

ఎందుకిలా అవుతుందో కాస్త తెలుసుకుంటే ఫోటో ఎంచుకోవడం తేలికవుతుంది. మన కంటికి కనబడే వెలుగు దాదాపు 700 నానోమీటర్ల పొడవున్న తరంగం దగ్గర, ఎరుపుతో ఆగిపోతుంది. మీ కెమెరా పట్టేది దానికి అవతల, సుమారు 1000 దాకా ఉన్న పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిని. ఇది వేడిని ఫోటో తీయడం కాదు. వేడిని చూసే కెమెరాలు వేరు, వాటి తరంగాలు ఇంకా ఎంతో పొడవైనవి. ఇది కూడా ఎండే, ఆకు మీద పడి వెనక్కి వచ్చిన ఎండ. ఆకులోని పత్రహరితం ఎరుపును, నీలాన్ని మింగేసి పచ్చను కొద్దిగా వదులుతుంది. పరారుణ కాంతి జోలికి మాత్రం పోదు. ఆ కాంతి లోపలికి వెళ్ళి, స్పంజి లాంటి కణాలకు, వాటి మధ్య ఉన్న గాలి ఖాళీలకు తగిలి చెదిరి, సగం దాకా బయటికి వచ్చేస్తుంది. పచ్చరంగులో పదో వంతు వెనక్కి పంపే ఆకు ఇక్కడ సగం పంపుతుంది. చెట్టుకు సున్నం కొట్టినట్టు కనబడేది అందుకే. 1910లో ఇలాంటి ఫోటోలు ప్రచురించిన రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త పేరు మీద దీన్ని వుడ్ ఎఫెక్ట్ అంటారు. చెట్ల ఫోటోలు కదా, వుడ్ అంటే కలప కాబోలని నేను చాలాకాలం అనుకున్నాను.

నీరు ఈ వెలుగును మింగేస్తుంది, అందుకే చెరువు నల్లన. వానాకాలం నాగావళిలో ఎర్రనీరు పారుతున్నప్పుడు తీస్తే మాత్రం అంత నలుపు రాదు, మట్టి కొంత వెలుగును తిప్పి పంపుతుంది. ఇక ఆకాశపు నీలమంటే గాలిలో చెదిరే పొట్టి తరంగాలే. పొడవు తరంగాలు అంతగా చెదరవు కాబట్టి నిర్మలాకాశం చీకటిగా పడుతుంది. మబ్బు అన్ని తరంగాలనూ ఒకేలా చెదరగొడుతుంది, అది తెల్లగానే ఉంటుంది. ఈ మబ్బు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు పజిల్ పేర్చే మనిషి వైపు నుంచి చూడండి. మామూలు పల్లెటూరి ఫోటోలో వరిమడి లేతపచ్చ, కొబ్బరాకు ముదురుపచ్చ, మామిడి చిగురు రాగిరంగు. పేర్చేవాడు ముందుగా చేసే పని ఈ రంగులను పళ్ళాల్లోకి వేరు చేయడం. ఇన్‌ఫ్రారెడ్ ఆ పచ్చలన్నిటినీ పొందూరులో ఏకిన పత్తిలా ఒకే తెలుపులో కలిపేస్తుంది. చేతికి దొరికే మొదటి ఆధారం పోయింది. మిగిలేవి రెండే: ఆకు నేత, వెలుగునీడల అంచు. ఇవి ఉన్న ఫోటో అయితే ఇన్‌ఫ్రారెడ్ పజిల్ మామూలు దానికంటే మజాగా ఉంటుంది. ఇవి లేకపోతే బొగ్గుల బస్తానో, సున్నపు బస్తానో అవుతుంది. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన చెక్కకు అంటించిన పటాలను దేశాల సరిహద్దుల వెంట కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికని అమ్మేవాడు. జిగ్సాకు మూలం అదే. అక్కడ ఏ ముక్కకు ఆ ముక్క తన ఊరేదో తానే చెప్పేది. మన ముక్క కూడా అంత కాకపోయినా, కనీసం తన వీధేదో చెప్పాలి కదా.

ఇది ముందే తేల్చుకోవడానికి నేనొక పరీక్ష పెడతాను. ఫోటోను ఏ4 కాగితం నిండా ముద్రించండి. గోడ క్యాలెండర్ పాత కాగితం ఒకటి తీసుకుని మధ్యలో 8 మిల్లీమీటర్ల చదరపు కన్నం కోయండి. ఎనిమిదే ఎందుకంటే, వెయ్యి ముక్కల పజిల్ సాధారణంగా 70 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు ఉంటుంది. అందులో ముక్క రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అదే కొలత ఏ4కు కుదిస్తే 8 మిల్లీమీటర్లు అవుతుంది. ఫోటో మీద క్యాలెండర్ కాగితం కప్పి, జరుపుతూ ఇరవై చోట్ల ఆగండి. ఆగిన ప్రతిచోటా, ఫోటోను ఒకసారి చూసిన మనిషిని ఇది ఎక్కడిదో చెప్పమనండి. ఇరవైలో ఐదారుకు మించి 'ఏమో' అంటే ఆ ఫోటో వద్దు.

మీ నాలుగు ఫోటోలకూ నిన్న రాత్రి ఇదే చేశాను. చెప్పింది మా మనవరాలు, నాలుగో తరగతి.

జీడితోటతో మొదలుపెట్టాను. "తాతయ్యా, ఇది తెలుపు." జరిపాను. "ఇదీ తెలుపే." మళ్ళీ జరిపాను. "ఇది ఇందాకటిదే కదా?" కాదు, అది ఫోటోకు ఆ కొస. ఇరవైలో పదమూడు ఇలాగే పోయాయి. జీడిచెట్టు నేలకు వాలి గొడుగులా పరుచుకుంటుంది, ఆకులు గుండ్రంగా ఒకేలా ఉంటాయి, మొదళ్ళు కనబడవు. చూడటానికి వెన్నెల్లో నడుస్తున్నట్టుంది, ఒప్పుకుంటాను. పెద్దది చేసి హాల్లో తగిలించండి.

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట తీసినది రెండోది. ఇసుక, నీరు, ఆకాశం మూడు అడ్డపట్టీలు, ఓ మూల సరుగుడు తోట. సరుగుడు ఆకు సూదుల్లా ఉంటుంది కాబట్టి ఈ సైజులో పొగలా అలుక్కుపోయింది. వద్దు.

కొబ్బరిచెట్ల నీడ పడిన ఊరచెరువు ఫోటో ఫరవాలేదు. పైన మట్టలు స్పష్టంగా, కింద నీడలో అవే మట్టలు మసకగా, ముదురుగా ఉన్నాయి. పాప మొదట రెండింటినీ కలిపేసింది కానీ నాలుగైదు సార్లకు తేడా పట్టేసింది. 'నీళ్ళలో కొబ్బరి', 'పైన కొబ్బరి' అని పేర్లు కూడా పెట్టింది. తిత్లీ తుపానుకు తల విరిగిన మొండిచెట్టు ఒకటి ఎడమవైపు ఉంది చూడండి, అది ఈ ఫోటోకు మేకులాంటిది. చుట్టూ ఉన్న ముక్కలన్నీ దాన్ని పట్టుకుని కుదురుకుంటాయి. 2018 అక్టోబరులో మీ వైపు ఎన్ని తోటలు నేలకూలాయో నాకు తెలుసు. మీ నాన్నగారికి ఆ మొండిచెట్టు చూస్తే ఏమనిపిస్తుందో మీకే తెలియాలి, అది నేను చెప్పేది కాదు.

నా ఓటు నాలుగోదానికి, మీ నాయనమ్మగారి చుట్టింటికి, అదే ఆ గుండ్రటి తాటాకింటికి. ఆ ఫోటోను మీరు ఏదో మొహమాటానికి చేర్చినట్టు రాశారు. ఒక్కసారి దగ్గరగా చూడండి. తాటాకు కప్పు కొప్పు నుంచి చూరుదాకా గీతలు గీతలుగా దిగుతుంది. పైభాగంలో గీతలు దగ్గరగా, చూరు దగ్గర వెడంగా, కొసలు చిరిగి ఉన్నాయి. కాబట్టి కప్పు ముక్క దొరికితే అది ఎంత ఎత్తులోదో, ఎడమదో కుడిదో గీతల వాలే చెప్పేస్తుంది. పక్కన గడ్డివాములో గీతలు ఎటుపడితే అటున్నాయి. మట్టిగోడ నున్నగా, మీద వెలిసిన ముగ్గుతో ఉంది. ఎండుతాటాకు బూడిద తెలుపు, పచ్చికొబ్బరి మల్లెతెలుపు, రెండూ కలవవు. అరుగు మీద నీడ, నూతి చప్టా అంచు, ఆరేసిన చీర. ఇరవైలో పాపకు తెలియనివి మూడే, ఆ మూడూ ఆకాశంలోవి. ఆరేసిన ఆ చీర నిజానికి ముదురు నీలమని రాశారు, ఫోటోలో లేతగా వచ్చింది. అద్దకపు రంగులు చాలావాటికి ఈ వెలుగులో బలం ఉండదు. మీ నాన్నగారు ఆ తెల్లచీర ఎవరిదని అడిగితే చెప్పడానికి ఒక కబురు ఉంటుంది.

ఆ ఫోటోకు ఉన్న లోపం ఆకాశమే, పైన మూడో వంతు ఖాళీ నలుపు. కోసేయమని చెప్పేవాణ్ణి కానీ కొలతలు ఒప్పుకోవు. మీ కెమెరా 24 మెగాపిక్సెళ్ళది, అంటే ఫోటో 6000 చుక్కల పొడవు, 4000 చుక్కల వెడల్పు. పజిల్ నిష్పత్తికి సర్దితే 5600, 4000 మిగులుతాయి. 70 సెంటీమీటర్ల మీద పరిస్తే అంగుళానికి 200 చుక్కలకు కాస్త పైన. పజిల్‌కు సరిపోతుంది, కానీ ఇంకా కోస్తే కప్పు మీది గీతలు పాలిపోతాయి. ఆ గీతల కోసమే కదా ఈ ఫోటో ఎంచుకున్నది. అందుకని మళ్ళీ తీయండి. ఇంకా టైము ఉంది.

ఎప్పుడంటే నవంబరులో, ఈశాన్యపు గాలికి మబ్బులు తునకలు తునకలుగా తేలుతున్న రోజు. ఇన్‌ఫ్రారెడ్‌లో నల్లటి ఆకాశం మీద తెల్లమబ్బు కత్తిరించి అంటించినట్టు పడుతుంది, ఆకాశపు ముక్కలకు ఆనవాలు దొరికేది దానితోనే. పొద్దున తొమ్మిదిన్నర, పదిన్నర మధ్య వెళ్ళండి, ఎండ పక్కనుంచి పడి కప్పు గీతలకు నీడలు వస్తాయి. నడినెత్తి ఎండలో తాటాకు చాపలా చదునైపోతుంది.

కెమెరా మార్పించని వాళ్ళు లెన్సు ముందు కనబడే వెలుగును ఆపే 720 నానోమీటర్ల ఫిల్టరు పెట్టి స్టాండు మీద తీస్తుంటారు. ఎండలో కూడా అరనిమిషం దాకా పడుతుంది. రాళ్ళకూ గుళ్ళకూ అది చాలు. ఉద్దానంలో సముద్రపు గాలికి కొబ్బరిమట్ట అరక్షణం కూడా నిలవదు. అరనిమిషంలో ఆకు నేత అంతా చెదిరి పాలమీగడ అవుతుంది. మీది మార్పించిన కెమెరా కాబట్టి సెకనులో 250వ వంతుతో తీయండి. మరొకటి, ఎంత వెలుగు కావాలో చెప్పే మీటరు కొన్ని కెమెరాల్లో కనబడే వెలుగును బట్టే లెక్కేస్తుంది, ఆకుల పరారుణం దానికి తెలియదు. అది చెప్పినదానికంటే ఒక మెట్టు తక్కువ పెట్టి, రా ఫైల్‌లో (కెమెరా కుదించని మూల ఫైల్‌లో) తీసి, వెలుగు పంపకం చూపే హిస్టోగ్రామ్ గ్రాఫులో ఎరుపు కుడి గోడకు గుద్దుకోకుండా చూసుకోండి. కాలిపోయిన తెలుపులో ఆకు నేత ఉండదు, తరువాత ఎంత లాగినా రాదు. కొన్ని లెన్సులు మధ్యలో పాలిపోయిన గుండ్రటి మచ్చ వేస్తాయి, ఎపర్చరు, అంటే లెన్సులో వెలుగు వచ్చే కన్నం, బిగించేకొద్దీ ఎక్కువ. మీ చెరువు ఫోటో నడిమిలో ఆ ఛాయ ఉంది. ఎఫ్/8 దాటి బిగించకండి.

రంగు సంగతి. మీరు నలుపుతెలుపు చేసి పంపారు. పజిల్‌కు కొంచెం రంగు ఉంచండి. వైట్ బ్యాలెన్స్ (ఏది తెలుపో కెమెరాకు చెప్పే అమరిక) గడ్డి మీద పెట్టి, కంప్యూటర్‌లో ఎరుపు, నీలం చానళ్ళను తారుమారు చేస్తే ఆకాశం నీలానికి, ఆకులు లేత గంధం ఛాయకు తిరుగుతాయి. ఆకాశపు ముక్క, చీకటి గుమ్మం ముక్క రెండూ నలుపుగా ఉండే చిక్కు దానితో తీరిపోతుంది. బజారులో డబ్బాల మీద కనబడే గులాబీరంగు చెట్లు వేరు. అది కోడక్ ఏరోక్రోమ్ అనే ఫిల్ము పద్ధతి. పచ్చరంగు పూసి దాచిన సైనిక సామగ్రిని నిజమైన ఆకుల నుంచి వేరుచేసి చూడటానికి విమానాల్లో వాడేవారు. ఆ ఫిల్ము ఇప్పుడు తయారు కావడం లేదు. దాన్ని ఇప్పుడు కంప్యూటర్‌లో అనుకరిస్తున్నారు. నాకైతే చుట్టిల్లు పీచుమిఠాయిలా కనబడటం ఇష్టం లేదు.

ముద్రణకు రెండు దారులు. కప్పుల మీద ఫోటోలు వేసే దుకాణాల్లో వేడి ప్రెస్సుతో ఏ4 పజిల్ చేస్తారు, 120 ముక్కలు, అరగంట పని. ముందుగా ఒకటి చేయించి చూసుకోవడానికి బాగుంటుంది. కానీ వట్టి నలుపుతెలుపు ఇస్తే నలుపు గోధుమకో, ఆకుపచ్చకో తిరుగుతుంది. కొంచెం రంగు ఉంచమనడానికి అదీ ఒక కారణం. అసలు వెయ్యి ముక్కలది అట్ట మీద కాగితం అంటించి డై ప్రెస్సుతో (అచ్చుకత్తితో నొక్కి కోసే యంత్రంతో) కోసేవాళ్ళ దగ్గరే చేయించాలి. రెండు మిల్లీమీటర్ల అట్ట, మ్యాట్ కాగితం అని రాసి మరీ అడగండి. నిగనిగలాడే కాగితమైతే ఇంత నలుపు మీద ట్యూబులైటు మెరిసి ఏ ముక్కా కనబడదు. ఒకరు నాకు పల్చటి అట్టతో చేసిచ్చారు, మన సముద్రపు తేమకు రెండు వానాకాలాల్లో ముక్కల అంచులు విచ్చుకున్నాయి. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు పారేయకుండా డబ్బాలో వేయండి.

వెయ్యే కావాలా అన్నది కూడా ఆలోచించండి. అరవై ఏళ్ళ కళ్ళు, రెండు సెంటీమీటర్ల ముక్క. అదే 70, 50 సైజులో 500 ముక్కలుగా కోసిచ్చేవాళ్ళున్నారు. ముక్క వైశాల్యం రెట్టింపు అవుతుంది, కప్పు గీతలు ఇంకా బాగా చదవచ్చు. పట్టుదల మనిషైతే వెయ్యే ఇవ్వండి.

మీ బావగారి దానికి కూడా ఒక మాట. పారేయవద్దని చెప్పండి. చాలా పజిళ్ళు 'వెయ్యి' అంటూనే 38 వరుసలు, 27 నిలువులు, మొత్తం 1026 ముక్కలుంటాయి, అందులో అంచువి 126. అంచు పూర్తిచేశాక రంగు జోలికి పోకుండా, పగటిపూట కిటికీ దగ్గర కూర్చుని, ఆకులున్న ముక్కలను నేతను బట్టి వేరు చేయమనండి: సూదులు, రేకలు, గడ్డి, ఏమీ లేనివి. 'ఏమీ లేనివి' చివరకు ఆకాశం, నీరు. వాటిని ఆకారాన్ని బట్టి ఆరు పళ్ళాల్లో వేయాలి. నాలుగు చెవులు (బయటికి పొడుచుకొచ్చిన బొడిపెలు) ఉన్నవి, మూడున్నవి, ఎదురెదురు రెండున్నవి, పక్కపక్క రెండున్నవి, ఒక్కటున్నవి, అసలు లేనివి. తరువాత ఒక్కో పళ్ళాన్ని ముదురు నుంచి లేతకు బారుగా పేర్చాలి. ఇన్‌ఫ్రారెడ్ ఆకాశం పైన ముదురుగా, నేల అంచుకు వచ్చేసరికి లేతగా ఉంటుంది. ఆ బారే అతనికి ఏ ముక్క ఏ ఎత్తులోదో చెబుతుంది. నా తాటిపూడి పజిల్ నాటికి నాకీ ఉపాయం తెలియదు. ఈ సమాధానం రాస్తుంటే దాన్ని అటక మీంచి దించాలనిపిస్తోంది, మా ఆవిడ ఒప్పుకుంటే.

మీ నాన్నగారి డబ్బా మూత మీద ఇన్‌ఫ్రారెడ్ ఫోటో ఉండనివ్వండి, అది లేకుండా పేర్చడం కష్టం. అడుగున మాత్రం అదే చోటు నుంచి, అదే రోజు మామూలు ఫోన్‌తో తీసిన రంగు ఫోటో ఒకటి పెట్టండి. ముక్కలన్నీ తీశాక కనబడుతుంది. నవంబరు ఫోటో తీశాక ఇక్కడే పెట్టండి, కన్నం కోసిన క్యాలెండర్ కాగితం పాప పుస్తకాల్లో దాచింది.